పాశర్లపూడి మంట చెప్పిన పాఠం

పిల్లలూ! 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. వారి బావిలోంచి సహజ వాయువు ఒక్కసారిగా ఎగదన్ని అంటుకుంది. ఆ మంట 65 రోజులు మండింది. కొబ్బరితోటల కింద అంత ఇంధనం ఎలా చేరింది?

వరద గోదావరి ఒండ్రుమట్టిని తెచ్చి సముద్రంలో కలపడం మీకు తెలుసు కదా! కోట్ల సంవత్సరాల క్రితం కూడా నదులు తెచ్చిన మట్టి ఇలాగే పొరలు పొరలుగా పేరుకుంది. చచ్చిన సూక్ష్మజీవులు, మొక్కల అవశేషాలు అందులో చిక్కుకున్నాయి. గాలి సోకనందున అవి పూర్తిగా కుళ్ళిపోలేదు. పై పొరల బరువుకు లోతుకు దిగాయి. అక్కడి వేడికి, ఒత్తిడికి చమురుగా, వాయువుగా మారాయి. వాయువు తేలిక కనుక పైకి పాకి, ఇసుకరాతి రంధ్రాలలో చేరింది. దానిపైనున్న బంకమట్టి రాయి మూతలా అడ్డుకుంది.

ఆ మూతకు బెజ్జం వేయడమే బావి తవ్వడం. తవ్వేటప్పుడు బావిలో బరువైన బురదను నింపి వాయువును అణచి ఉంచుతారు. ఆ బరువు చాలకపోతే వాయువు పైకి తన్నుకు వస్తుంది. చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది!

ఈ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. దీనితో విద్యుత్తు, యూరియా తయారుచేస్తారు.

కొబ్బరికాయలు దింపితే చెట్టు మళ్ళీ కాస్తుంది. వరి కోస్తే మళ్ళీ పండుతుంది. కాని భూమి కోట్ల ఏళ్ళు దాచిన వాయువు ఒకసారి మండితే మన తరాలకు మళ్ళీ తయారవదు. అవసరం లేని దీపం ఆర్పేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.