నా గొంతు నానమ్మకి ఎందుకు అర్థం కాలేదు? మాటల రికార్డింగ్‌కి ఏ చిప్ తీసుకోవాలి?

పోయిన ఎపిసోడ్‌లో మందుల డబ్బా చూపించాను కదా, టైమ్‌కి నా గొంతుతో గుర్తుచేసేది. దాంట్లో ఏ చిప్ పెట్టావు అని చాలామంది అడిగారు. చెప్తాను, కానీ ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మొదటి డబ్బాలో ఐఎస్‌డీ 1820 పెట్టాను. బటన్ నొక్కి మాట్లాడితే చాలు, కోడ్ అక్కర్లేదు. "షుగర్ మాత్ర తినకముందు వేసుకో, బీపీ మాత్ర తిన్నాక వేసుకో" అని రికార్డ్ చేసి ఊరికి పంపాను. పండక్కి వెళ్తే తెలిసింది, నానమ్మ రెండు వారాలుగా రెండూ తిన్నాకే వేసుకుంటోంది. అదేంటి నానమ్మా అంటే, "ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుందిరా, తిను అన్న మాట ఒక్కటే తెలిసింది" అంది.

బీటెక్‌లో సిగ్నల్స్ పేపర్ పాసైనవాడిని, సిగ్గేసింది.

జరిగింది ఇదీ. ఆ చిప్‌లో ఒక రెసిస్టర్ మారిస్తే రికార్డింగ్ టైమ్ మారుతుంది. 80 కిలో ఓమ్స్ పెడితే 8 సెకన్లు, 200 పెడితే 20 సెకన్లు. మెసేజ్ మొత్తం పట్టాలని నేను 200 పెట్టాను. కానీ మెమరీ పెరగదు కదా! సెకనుకి తీసుకునే శాంపిల్స్ 8000 నుంచి 3200కి పడిపోతాయి. శాంపిల్స్‌లో సగానికి మించిన ఫ్రీక్వెన్సీ నిలవదు. ఫిల్టర్ కూడా పోను మిగిలేది 1300 హెర్ట్జ్ దాకానే. పాత ల్యాండ్‌లైన్ కూడా 300 నుంచి 3400 వరకు ఇచ్చేది.

1300 దగ్గర కోసేస్తే ఏం పోతుంది? 'ఇ', 'ఉ' తీసుకోండి. రెండింటికీ కింది భాగం దాదాపు ఒకటే. తేడా చూపించే రెండో భాగం 'ఇ'కి 2000 పైన ఉంటుంది. అది పోతే 'ఇ' కూడా 'ఉ'లా వినిపిస్తుంది. త, క, ప లాంటి హల్లుల్ని విడదీసే చిన్న పేలుడు శబ్దం కూడా చాలావరకు ఆ పైనే. ఇక 'స'లో ఉండే బుస ఎక్కువగా 4000 దాటాకే. అందుకే మామూలు కాల్‌లో పేరు చెప్పేటప్పుడు ఎస్సా, ఎఫ్ఫా అని మళ్ళీ అడుగుతారు. 4జీలో వచ్చే హెచ్‌డీ వాయిస్ 50 నుంచి 7000 వరకు పంపుతుంది, తేడా మీకే తెలుస్తుంది.

పైగా వయసుతో ముందు తగ్గేది పై ఫ్రీక్వెన్సీల వినికిడే. అసలు రికార్డ్ కాని దాన్ని వాల్యూమ్ పెంచి తెప్పించలేం.

కాబట్టి మాటలకి నా లెక్క: సెకనుకి 16000 శాంపిల్స్, 16 బిట్, మోనో. 44100 అక్కర్లేదు, అది పాటలకి. సెకనుకి 32 కిలోబైట్లు, అంటే 20 సెకన్లకి 640. మెమరీ కార్డ్‌కి అదో లెక్కా?

చిప్ విషయానికొస్తే ఇప్పుడు డీఎఫ్ ప్లేయర్ మినీ వాడుతున్నా. మైక్రో ఎస్‌డీ కార్డ్ పెట్టొచ్చు, చిన్న స్పీకర్‌కి సరిపడా యాంప్లిఫయర్ లోపలే ఉంది. ఆర్డుయినో నుంచి వచ్చే సీరియల్ వైరుకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి, లేకపోతే గుయ్యిమని శబ్దం రావచ్చు. వైఫైలో మెసేజ్ మార్చాలంటే ఈఎస్‌పీ 32, దానికి మ్యాక్స్ 98357 కలపండి. ఐఎస్‌డీ చెత్త అని కాదు, 8 సెకన్ల సెట్టింగ్‌లో డోర్ బెల్‌కి బానే ఉంటుంది.

స్పీకర్‌ని ఊరికే వేలాడదీయకండి, వెనక మూసిన డబ్బాలో బిగించండి. ఫైల్‌లో 200 హెర్ట్జ్ కింద తీసేయండి, అరచేతిలో పట్టే స్పీకర్ దాన్ని ఎలాగూ పలకలేదు, గడగడలాడుతుంది అంతే. 2000 నుంచి 4000 మధ్య కొంచెం పెంచండి. తర్వాత ఆ మెసేజ్ తెలియని మనిషికి వినిపించి, విన్నది రాయమనండి. మనం రాసుకున్న మాట మనకి ఎలాగైనా వినిపిస్తుంది, నేను మోసపోయింది అక్కడే.

కొత్త డబ్బా పెట్టాక నానమ్మకి ఫోన్ చేశా. "ఇప్పుడు పక్కన కూర్చుని చెప్పినట్టుందిరా. కానీ ఆ రైలు స్పీడేంటి?" అంది. ఇప్పుడు 20 సెకన్ల గొడవ లేదుగా, నెమ్మదిగా మళ్ళీ రికార్డ్ చేశాను.