ఎన్సెలాడస్‌లో తిండి మిగిలింది

2005 ఫిబ్రవరిలో కాసీని అంతరిక్ష నౌక శనిగ్రహపు చిన్న ఉపగ్రహం ఎన్సెలాడస్ పక్క నుంచి వెళ్తుంటే, అందులోని అయస్కాంతమాపకం ఒక వింతను నమోదు చేసింది. శని అయస్కాంత క్షేత్రం ఆ ఉపగ్రహం దగ్గరకొచ్చేసరికి దేనికో అడ్డం తగిలినట్టు వంగిపోయింది. గాలీ వానా లేని ఉత్త మంచుగడ్డ దగ్గర అలా వంగాల్సిన పని లేదు. ఆ పరికరం బాధ్యత చూస్తున్న లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త మిషెల్ డోహర్టీ, ఈసారి మరింత దగ్గరగా వెళ్దామని పట్టుబట్టారు. ముందు అనుకున్న దూరం వెయ్యి కిలోమీటర్లు. దాన్ని 173 కిలోమీటర్లకు తగ్గించి, జులై 14న నౌకను నడిపించారు. దక్షిణ ధ్రువంలో నాలుగు పొడవాటి పగుళ్లున్న చోట నీటి ఆవిరి బయటికి వస్తోందని అప్పుడు తేలింది. నవంబరు ఫొటోల్లో ఆ ధారలు నేరుగా కనిపించాయి.

ఎన్సెలాడస్ అడ్డకొలత 504 కిలోమీటర్లే. పైన చలి సున్నాకు దాదాపు 200 డిగ్రీలు దిగువన ఉంటుంది. ఇంత చిన్న గోళం ఎప్పుడో చల్లబడి గడ్డకట్టి ఊరుకోవాలి. ఊరుకోకపోవడానికి కారణం పక్కనున్న మరో ఉపగ్రహం డయోనీ. అది శనిని ఒకసారి చుట్టివచ్చేలోపు ఎన్సెలాడస్ రెండుసార్లు చుట్టివస్తుంది. ఈ లంకె వల్ల దాని కక్ష్య ఎప్పటికీ గుండ్రంగా మారదు. శనికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వెళ్తూ ఉంటుంది. దాంతో శని ఆకర్షణ దాన్ని 33 గంటలకోసారి పిసికి వదులుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంగినచోట చెయ్యి చురుక్కుమంటుంది కదా, ఇదీ ఆ వేడే.

లోపల సముద్రం ఉందని తేల్చిన పద్ధతి నాకు మరీ నచ్చుతుంది. ఏడేళ్లకు పైగా తీసిన ఫొటోల్లో అవే గుంటల స్థానాలను ఓపికగా కొలిచి చూస్తే, ఉపగ్రహం తిరుగుతూ తిరుగుతూ కాస్త ఊగుతున్నట్టు కనబడింది. ఆ ఊపు, మంచు పెంకు అడుగునున్న రాతికి అతుక్కుని ఉంటే రావాల్సినదానికంటే ఎక్కువ. అంటే రెంటికీ మధ్య గోళమంతటా నీరుంది. ఈ ఫలితం 2015లో వచ్చింది.

అదే ఏడాది అక్టోబర్ 28న కాసీని ఉపరితలానికి 49 కిలోమీటర్ల ఎత్తున ఆ ధారల్లోకే దూసుకెళ్లింది. తవ్వకుండా, దిగకుండా, ఆ సముద్రమే పైకి విసిరిన నమూనాను దారిలో అందుకుంది. ఆవిరిలో హైడ్రోజన్ వాయువు దాదాపు ఒక శాతం ఉన్నట్టు 2017లో ప్రకటించారు. అంతకుముందే ఆ ధారలు చిమ్మిన మంచు పలుకుల్లో ఉప్పు, సన్నని సిలికా రేణువులు దొరికాయి. అలాంటి సిలికా తయారవ్వాలంటే రాతిని తాకే నీరు 90 డిగ్రీలకు తక్కువ కాకుండా కాగాలి. వేడినీరు రాతితో కలిసినప్పుడు హైడ్రోజన్ కూడా పుడుతుంది.

మన సముద్రాల అడుగున ఇదే జరుగుతోంది. 1977లో ఆల్విన్ జలాంతర్గామిలో గాలపగోస్ దగ్గర దిగినవాళ్లు ఎండపొడ ఎరుగని చీకట్లో వేడినీటి ఊటల చుట్టూ జీవజాలాన్ని చూశారు. అలాంటి చోట్ల కొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి మీథేన్‌గా మార్చి, అందులో వచ్చే శక్తితో బతుకుతాయి. ఎన్సెలాడస్ ధారల్లో ఈ మూడు వాయువులూ ఉన్నాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. హైడ్రోజన్ వాటికి తిండి. తినేవాళ్లుంటే తిండి ఇంతగా ఎందుకు మిగిలింది? ఉత్సాహంగా రాసే వార్తల్లో ఈ ప్రశ్న అరుదుగా కనిపిస్తుంది. సమాధానాలు రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. జీవులు ఉన్నా కొద్దిగానే ఉండి, రాయి తయారుచేసే హైడ్రోజన్‌ను పూర్తిగా తినలేకపోతుండవచ్చు. మన సముద్రపు ఊటల్లోనూ కొంత మిగిలే పైకి వస్తుంది. లేదా అక్కడ ఎవరూ లేకపోవచ్చు. తిండి ఉన్నా ఇంకేదో పోషకం కొరవడి జీవులు పెరగలేదని సర్దిచెప్పుకునే వీలు కూడా ఒకప్పుడు ఉండేది. ఎక్కువగా ఫాస్ఫరస్‌నే అనుమానించారు. 2023లో ఫ్రాంక్ పోస్ట్‌బర్గ్ బృందం కాసీని పాత సమాచారాన్ని మళ్లీ తిరగేసి, మంచు పలుకుల్లో ఫాస్ఫేట్లను పట్టుకుంది. వాళ్ల లెక్క ప్రకారం అక్కడి సముద్రంలో ఫాస్ఫరస్ మన సముద్రాల్లో కంటే కనీసం వంద రెట్లు ఎక్కువ. ఆ సాకు కూడా పోయింది. నా మటుకు, ఎన్సెలాడస్‌లో జీవం లేదని తేలినా అది చిన్న వార్త కాదు. అన్నీ సిద్ధంగా ఉన్నచోట కూడా జీవం పుట్టకపోవచ్చని అప్పుడు ఒప్పుకోవాల్సి వస్తుంది.

కాసీని ఈ ప్రశ్నను తేల్చలేకపోయింది. ఆవిరిని పరిశీలించిన దాని పరికరం, ద్రవ్యరాశి వంద యూనిట్లకు చేరిన అణువులను తూచలేదు. జీవానికి గట్టి గుర్తు కావాలంటే అమైనో ఆమ్లాల్లాంటి వాటిని తరచి చూడాలి. మామూలు రసాయన చర్యలో వాటి కుడి, ఎడమ రూపాలు సమానంగా పుడతాయి. జీవులు మాత్రం ప్రొటీన్లలో ఎడమవాటినే వాడతాయి. ఈ తేడా పట్టగల యంత్రం ఆ ధారల్లోంచి ఇంకా వెళ్లలేదు. ఇంధనం అయిపోవస్తున్న కాసీనిని 2017 సెప్టెంబర్ 15న శని వాతావరణంలో కూల్చి కాల్చేశారు. అదుపు తప్పి ఎన్సెలాడస్‌నో, శని మరో ఉపగ్రహం టైటాన్‌నో ఢీకొంటే భూమి సూక్ష్మజీవులు అక్కడికి చేరతాయేమోనన్న భయం అందుకు కారణం. ఆ జాగ్రత్త సబబే. మనం తీసుకెళ్లినదాన్నే మనం కనిపెట్టామని చెప్పుకోవడం కన్నా నగుబాటు ఉండదు.

ఇలాంటి మంచు ఉపగ్రహాలను చూడటానికి ప్రస్తుతం ప్రయాణంలో ఉన్న నౌకలు గురుగ్రహం వైపు పోతున్నవే. ఐరోపా వాళ్ల జ్యూస్ 2023 ఏప్రిల్‌లో బయల్దేరింది, ప్రధానంగా గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్‌ను చూస్తుంది. నాసా యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబర్ 14న బయల్దేరింది. 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరి, దాని మరో ఉపగ్రహం యూరోపా పక్క నుంచి దాదాపు యాభైసార్లు వెళ్తుంది. భూమి సముద్రాలన్నిటికీ రెట్టింపు నీరు యూరోపాలో ఉందని అంచనా. అయితే దాని ధారల గురించి ఎన్సెలాడస్ విషయంలో ఉన్నంత రూఢి లేదు. క్లిప్పర్ నుంచి వార్తలు మొదలయ్యాక ‘జీవం దొరికింది’ అనే శీర్షిక కంటపడితే వెంటనే నమ్మకండి. జీవాన్ని పట్టుకోవడం క్లిప్పర్ పని కాదు. అక్కడ జీవం బతకడానికి వీలుందా లేదా అన్నంతవరకే అది చెప్పగలదు.