బై హూమ్?

ఫస్టియర్ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో మల్టీమీటర్‌ని కరెంట్ రేంజ్‌లో పెట్టి, సిరీస్‌లో కలపాల్సింది పోయి సప్లైకి ప్యారలల్‌గా కలిపేశాను. టప్‌మని లోపల ఫ్యూజ్ పోయింది. రికార్డులో మాత్రం నీట్‌గా రాశా: "ద మీటర్ వాజ్ కనెక్టెడ్ ఇన్ ప్యారలల్ అండ్ ద ఫ్యూజ్ వాజ్ బ్లోన్." సార్ ఎర్ర పెన్నుతో పక్కన రెండే మాటలు రాశారు: "బై హూమ్?"

ప్యాసివ్ వాయిస్ నాకు అప్పుడు అర్థమైంది. స్కూల్లో 'రామా కిల్డ్ రావణా'ని తిరగేసి 'రావణా వాజ్ కిల్డ్ బై రామా' అని ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. ఎందుకు తిరగెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి కర్త కుర్చీలో ఉంది. తెలుగులో ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా వాక్యం నడుస్తుంది. "చార్మినార్‌ని 1591లో కట్టారు" అంటాం. ఎవరు కట్టారని వినేవాడు అడగడు. ఇంగ్లీషులో, ఆజ్ఞల్లో తప్ప, ఆ కుర్చీ ఖాళీగా ఉంచడం కుదరదు. కట్టినవాళ్ల ఊసు అక్కర్లేనప్పుడు కట్టిన వస్తువునే తెచ్చి కూర్చోబెడతారు: "చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591." మనకూ 'బడు' ఉంది కదా అంటారేమో. ఉంది, "ఇచ్చట పాలు అమ్మబడును" అని బోర్డు మీద. ఆ కొట్టువాడే ఇంటికెళ్లి "అన్నం నాచేత తినబడింది" అనడు.

అందుకే నేను వాడే చిట్కా ఇది. తెలుగులో కర్త లేకుండా 'కట్టారు, కొలిచారు, పగలగొట్టారు' అని వస్తే ఇంగ్లీషులో ప్యాసివ్. 'పగిలింది, జరిగింది, తెరుచుకుంది' అని దానంతటదే అయినట్టు వస్తే ప్యాసివ్ వద్దు. గ్లాసు పగలగొట్టారు: "ద గ్లాస్ వాజ్ బ్రోకెన్." గ్లాసు పగిలింది: "ద గ్లాస్ బ్రోక్." మనవాళ్లు తరచూ రాసే "ఎర్రర్ వాజ్ అకర్డ్", "యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్" ఇక్కడే తప్పవుతాయి. అకర్, హ్యాపెన్‌లకు కర్మే లేదు, ఇక కుర్చీలోకి దేన్ని తెస్తాం?

తయారీ పెద్ద కష్టం కాదు. క్రియ మూడో రూపం కదలదు, కాలం అంతా 'బీ' మోస్తుంది. ఈజ్ మెజర్డ్, వాజ్ మెజర్డ్, ఈజ్ బీయింగ్ మెజర్డ్, హ్యాజ్ బీన్ మెజర్డ్, విల్ బీ మెజర్డ్. ఎక్కువగా జారిపోయేది ఆ 'బీన్'. "ద వోల్టేజ్ హ్యాజ్ మెజర్డ్" అని రాస్తే వోల్టేజే మీటర్ పట్టుకుని దేన్నో కొలిచినట్టు! 'బై' ఎవరన్నది ముఖ్యమైతేనే.

ల్యాబ్ రికార్డులో ప్యాసివ్ సబబే. రెసిస్టెన్స్ ఎవరు కొలిచినా అంతే రావాలి కదా. కానీ సైన్స్ అంటే మొత్తం ప్యాసివే అనుకోకండి. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం గురించి 'నేచర్'లో రాసిన వ్యాసం మొదలయ్యేదే 'వుయ్' అనే మాటతో. నిర్ణయం మనదైనప్పుడు, పని పంచుకున్నప్పుడు, తప్పు చేసినప్పుడు పేరు ఉండాలి. నలుగురి ప్రాజెక్ట్ రిపోర్టులో "ద కోడ్ వాజ్ రిటెన్" అని ఉంటే, రాత్రంతా మేలుకుని రాసిన ఒక్కడు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించడు.

తప్పు ఇంగ్లీషుది మాత్రమే కాదులెండి. ఆ రోజు ల్యాబ్‌లో సార్ అడిగితే నేనన్నది అచ్చ తెలుగే: "ఫ్యూజ్ పోయింది సార్." దానంతటదే పోయినట్టు! మీటర్ తీసుకున్న రిజిస్టర్‌లో సంతకం నా ల్యాబ్ పార్ట్‌నర్‌ది. డబ్బులు వాడు కట్టాడు.

రికార్డులో ఆ పేజీ మళ్లీ రాశాను: "ఐ కనెక్టెడ్ ద మీటర్ ఇన్ ప్యారలల్. ద ఫ్యూజ్ బ్లూ." సార్ సంతకం పెట్టారు. వాడి డబ్బులు మాత్రం ఇంకా ఇవ్వలేదు.