మైదానంలో హుండీ

బేస్‌బాల్ మన ఆట కాదు. అయినా ఆ ఆట చుట్టూ అల్లుకున్న దానధర్మాల చరిత్రలో ఒక భీమవరం మనిషి ఉన్నాడు. గుంటూరు పక్కనున్న పెదకాకాని లాంటి ఊళ్లు పట్టుకోదగ్గ కిటుకు కూడా ఒకటి ఉంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు మైకు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. గిత్తలు ఎన్ని అడుగులు లాగాయో చెబుతూనే వ్యాఖ్యాత మధ్యమధ్య దాతల జాబితా చదివేస్తుంటాడు. మొదటి బహుమతి ఫలానా కీర్తిశేషుల జ్ఞాపకార్థం వారి కుమారులు, రెండోది ఫలానా కోల్డ్ స్టోరేజీ వారు, మజ్జిగ ఫలానా యూత్ వారు. విసుగ్గా అనిపించినా వింటాం, ఎందుకంటే అందులో మనకు తెలిసిన పేరు ఒకటైనా ఉంటుంది. ఏటా అదే తిరునాళ్లకు అదే దాత ఇస్తాడు. ఒక ఏడు మానేస్తే ఊరు అడుగుతుంది. పోటీ, దానం ఒకే తేదీకి ముడిపడి ఉండటంలోనే ఉంది బలమంతా. పందెం లేకపోతే ఆ చందాలు పుట్టవు, చందాలు లేకపోతే పందెం సాగదు.

సముద్రాలవతల ఇదే పద్ధతిని ఔత్సాహిక బేస్‌బాల్ క్లబ్బులు నూట అరవై ఏళ్లకు పైగా నడుపుతున్నాయి.

ఇప్పుడు మనవాళ్లు గుంపులుగా కాపురముంటున్న జెర్సీ సిటీని ఆనుకుని హోబోకెన్ అని చిన్న పట్నం ఉంది. అక్కడి ఎలీసియన్ ఫీల్డ్స్ అనే పచ్చిక మైదానంలో 1846 జూన్ 19న నికర్‌బాకర్ క్లబ్బు, న్యూయార్క్ క్లబ్బు కలిసి ఆడిన ఆట బేస్‌బాల్ చరిత్రలో పెద్ద మైలురాయి. నికర్‌బాకర్ వాళ్లు గుమాస్తాలు, దుకాణదారులు, డాక్టర్లు. సాయంత్రం పని అయ్యాక పడవెక్కి నది దాటి వచ్చి ఆడుకుని వెళ్లేవారు. క్లబ్బు పేరే ఒక అగ్నిమాపక దళం పేరు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో మంటలార్పేది జీతగాళ్లు కాదు, వాలంటీర్లు. ఊరి కోసం పరుగెత్తే కుర్రాళ్లే సాయంత్రం బంతి కోసం పరుగెత్తేవారు. క్లబ్బుకు చందా ఉండేది, జరిమానాలూ ఉండేవి. మైదానంలో బూతు మాట నోరు జారితే ఆరు సెంట్లు కట్టాలి. మన ఊళ్లలో ఈ నిబంధన పెడితే ఒక్క సీజన్‌లోనే స్టేడియం కట్టుకోవచ్చు.

1857లో 16 క్లబ్బులు ఒకచోట చేరి సంఘం కట్టాయి. డబ్బు తీసుకుని ఆడకూడదన్నది వాళ్ల నియమం. బయటికి చెప్పి మరీ జీతాలిచ్చిన మొదటి జట్టు, సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, 1869లో గానీ రాలేదు. ఈ రెండు తేదీల మధ్య, 1858 వేసవిలో, న్యూయార్క్ క్లబ్బుల మేటి ఆటగాళ్లు ఒకవైపు, బ్రూక్లిన్ వాళ్లు మరోవైపు నిలబడి మూడు మ్యాచ్‌లు ఆడారు. ఫ్యాషన్ రేస్ కోర్స్ అనే గుర్రప్పందేల మైదానాన్ని అద్దెకు తీసుకున్నారు. అద్దె కట్టాలి గనుక టికెట్ పెట్టారు. బేస్‌బాల్ చూడటానికి జనం డబ్బిచ్చి లోపలికి వెళ్లడం అదే మొదలు. న్యూయార్క్ రెండు గెలిచింది, బ్రూక్లిన్ ఒకటి. ఖర్చులు పోను మిగిలిన సుమారు 71 డాలర్లను రెండు నగరాల అగ్నిమాపక దళాల్లో చనిపోయినవారి భార్యాబిడ్డల నిధికి పంచేశారు.

71 డాలర్లు ఆ కాలానికి కూడా గొప్ప మొత్తమేమీ కాదు. కానీ ఈ రోజు వేల కోట్ల వ్యాపారమైన ఒక ఆటకు వచ్చిన తొలి గేటు డబ్బుల్లో మిగులు ఎవరి జేబులోకీ పోలేదు.

అయితే క్లబ్బులంటే అన్నీ మంచితనపు మూటలేనని అనుకోవద్దు. ఫిలడెల్ఫియాలో పిథియన్ అని నల్లజాతివాళ్ల క్లబ్బు ఒకటి ఉండేది. దాని కెప్టెన్ ఆక్టేవియస్ కాటో బడిపంతులు. నగరంలో గుర్రాలు లాగే ట్రామ్ బళ్లలోకి నల్లవాళ్లను ఎక్కనివ్వకపోతే పోరాడి, 1867లో పెన్సిల్వేనియా రాష్ట్రం చట్టం చేసేదాకా నిద్రపోనివాళ్లలో ఒకడు. అదే ఏడు, 1857లో క్లబ్బులు కట్టుకున్న ఆ జాతీయ సంఘం నల్లజాతి ఆటగాళ్లున్న క్లబ్బులకు తలుపులు మూసేసింది. 1869లో పిథియన్లు తెల్లవాళ్ల ఒలింపిక్ క్లబ్బుతో తలపడ్డారు. ఓడిపోయారు గానీ ఆట జరిగింది, దేశం గమనించింది. 1871 అక్టోబర్ 10, ఎన్నికల రోజు. నల్లవాళ్లను ఓటు వేయనివ్వకుండా దాడులు జరుగుతున్నప్పుడు కాటోను వీధిలో కాల్చి చంపారు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. ఫిలడెల్ఫియా నగరం అతనికి విగ్రహం పెట్టింది 2017లో. క్లబ్బుల సమాజసేవ అనగానే రక్తదాన శిబిరం, బ్యానరు, ఫొటో మాత్రమే గుర్తుకొచ్చేవాళ్లకు కాటో కథ కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

ఈ చరిత్రలో తెలుగువాళ్లు ఆగి చదవాల్సిన పేజీ 1948లో ఉంది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో హార్వర్డ్ చేరి, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపించారు. ఫోలిక్ ఆమ్లం ప్రయోగశాలలో తయారైంది అక్కడే. దానికి అచ్చంగా ఎదురు పనిచేసే మందులు కూడా ఆయన బృందమే తయారు చేసింది. కణం పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనిపించే నకిలీని లోపలికి పంపితే కణం మోసపోయి ఎదుగుదల ఆగిపోతుంది. అలాంటి నకిలీల్లో ఒకటి అమినాప్టెరిన్. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947 చివర్లో రక్త క్యాన్సర్ పిల్లలకు దాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటివరకూ ఆ జబ్బు వస్తే పిల్లలకు వారాలో నెలలో, అంతే. 16 మందికి ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనకడుగు వేసింది. ఫార్బర్ ఆ ఫలితాలను 1948 జూన్‌లో ప్రకటించారు. రక్త క్యాన్సర్‌ను మందుతో కట్టడి చేయవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మందు దొరికింది సరే, వార్డు నడపడానికి డబ్బు? ఇక్కడ బేస్‌బాల్ వస్తుంది.

1948 మే 22 రాత్రి. లాస్ ఏంజెలెస్ నుంచి రాల్ఫ్ ఎడ్వర్డ్స్ అనే రేడియో వ్యాఖ్యాత, క్యాన్సర్‌తో బోస్టన్ ఆసుపత్రి మంచం మీదున్న పన్నెండేళ్ల కుర్రాడితో ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడుతున్నాడు. కుర్రాడి అసలు పేరు ఐనర్ గుస్తాఫ్‌సన్. పేరు గుట్టుగా ఉంచాలని జిమ్మీ అన్నారు. నీకు ఏ జట్టంటే ఇష్టం అని అడిగితే, బోస్టన్ బ్రేవ్స్ అన్నాడు. ఏ ఆటగాళ్లంటే ఇష్టం అంటే వరుసగా పేర్లు చెప్పాడు. పేరు చెప్పిన ఆటగాడల్లా గదిలోకి నడిచి వస్తున్నాడు! జట్టు మొత్తం మంచం చుట్టూ చేరింది, అందరూ కలిసి బేస్‌బాల్ పాట పాడారు. మ్యాచ్‌లు చూడ్డానికి జిమ్మీకి ఒక టీవీ కావాలి, ఇరవై వేల డాలర్లు పోగైతే కొనిస్తామని ఎడ్వర్డ్స్ శ్రోతలకు చెప్పాడు. ఆ ఏడు వచ్చింది రెండు లక్షల డాలర్లకు పైగా. టీవీ వచ్చింది. ఆసుపత్రికి జిమ్మీ ఫండ్ వచ్చింది. బ్రేవ్స్ ఆ సీజన్‌లో నేషనల్ లీగ్ ఛాంపియన్లయ్యారు, 1953లో మిల్వాకీకి తరలిపోయారు. జట్టు పోయింది గానీ నిధి పోలేదు. బోస్టన్‌లోని మరో జట్టు రెడ్ సాక్స్ ఆ బాధ్యతను భుజానికెత్తుకుంది.

పెద్ద జట్ల కథ ఇంతే అయితే ఔత్సాహికుల వ్యాసంలో దానికి చోటుండేది కాదు. కానీ న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో, పట్నాల్లో పిల్లల లీగుల జట్లు యూనిఫాంలు వేసుకుని డబ్బాలు పట్టుకుని జిమ్మీ ఫండ్‌కు చిల్లర పోగుచేశాయి. తరాలు మారినా ఆ అలవాటు సాగింది. ఏప్రిల్‌లో సీజన్ మొదలవుతుంది గనుక చందా అడగడమూ దాంతోపాటే మొదలవుతుంది. ఎవరూ కొత్తగా గుర్తుచేయక్కర్లేదు. తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చిన మందు నిలబెట్టిన ఆ క్యాన్సర్ వైద్యానికి తమ డబ్బాల్లోని నాణేలు అందుతున్నాయని ఆ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? సుబ్బారావు పేరు మన పిల్లల్లోనే ఎంతమందికి తెలుసు?

జిమ్మీ చనిపోయి ఉంటాడనే అందరూ అనుకున్నారు. 1998లో, నిధికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, అరవై దాటిన లారీ డ్రైవరొకడు నేనే జిమ్మీనని లోకం ముందుకొచ్చాడు. ఆ తర్వాత 2001 జనవరి వరకూ బతికాడు.

బోస్టన్‌లోనే ఇంకో పిచ్చి పని ఉంది, నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. బేస్‌బాల్ ఆటకు 9 ఇన్నింగ్స్. బోస్టన్ మెన్స్ బేస్‌బాల్ లీగ్‌లో ఆడే ఉద్యోగస్తులు 2004లో ఆగకుండా 100 ఇన్నింగ్స్ ఆడదామనుకున్నారు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ పగలు. నడి వయసు వాళ్లు మోకాళ్లకు కట్లు కట్టుకుని తెల్లవారుజామున బంతి కోసం దూకుతుంటారు. పోగైన డబ్బు ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు బాధితులకు, పరిశోధనకు. జబ్బు ఎంపిక యాదృచ్ఛికం కాదు. అమెరికాలో దాన్ని లూ గెరిగ్ జబ్బు అనే పిలుస్తారు. న్యూయార్క్ యాంకీస్ తరఫున వరుసగా 2130 మ్యాచ్‌లు ఆడిన గెరిగ్‌కు 1939లో ఆ జబ్బు ఉన్నట్టు తేలింది. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడుతూ, 1941లో 37 ఏళ్లకే పోయాడు. ఒక్క రోజు కూడా ఆట మానని మనిషి పేరు మీద ఆగకుండా ఆడటం కంటే తగిన మొక్కు ఏముంటుంది?

మన దగ్గర తిరగబడిన వరస

ఆంధ్రలో ఇలాంటిది వెతికితే వరస తిరగబడి కనిపిస్తుంది. అక్కడ క్లబ్బులు సేవకు దిగాయి, ఇక్కడ సేవాసంస్థే క్లబ్బుల్ని పుట్టించింది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ బళ్లు, ఇళ్లు, ఆసుపత్రులతో ఆగకుండా మైదానాలు కూడా కట్టింది. 2010లో రఫెల్ నాదల్ పేరిట టెన్నిస్ బడి వచ్చింది. ఫుట్‌బాల్, క్రికెట్, హాకీ, జూడోలతో పాటు బేస్‌బాల్‌కు చెల్లెలైన సాఫ్ట్‌బాల్ కూడా అక్కడ పల్లె పిల్లల చేతికి అందింది. కరువు సీమలో ఆడపిల్ల చేతికి గ్లవ్ తొడగడం ఒక ఆటతో ఆగే మార్పు కాదు.

పెదకాకానిలో డబ్బు దారి మరోలా ఉంటుంది. హైవే మీద వెళ్లేవాళ్లకు ఊరి గుర్తులు రెండు. మల్లేశ్వరస్వామి గుడి, శంకర కంటి ఆసుపత్రి. గుడికి పొంగళ్లు పెట్టుకునే జనం, ఆసుపత్రికి పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ముసలివాళ్లు. ఊళ్లో శిబిరం పెట్టి కళ్లు చూస్తారు, శుక్లం ఉన్నవాళ్లను బస్సెక్కించి తీసుకొస్తారు, ఆపరేషన్ చేసి, భోజనం పెట్టి, తిరిగి ఊళ్లో దింపుతారు. పైసా తీసుకోరు. కోయంబత్తూరులో రమణి దంపతులు 1977లో మొదలుపెట్టిన పని ఇంత దూరం వచ్చింది. డబ్బిచ్చి చేయించుకునే ఇరవై మంది మీద వచ్చిన ఆదాయంతో ఎనభై మందికి ఉచితంగా చేయాలన్నది వాళ్ల లెక్క. కొత్త ఆసుపత్రులు కట్టడానికి మాత్రం బయటి చేయి కావాలి. 1998లో కాలిఫోర్నియాలో మొదలైన శంకర ఐ ఫౌండేషన్ అందుకే పుట్టింది. ఉద్యోగులు ఇచ్చినంతకు కంపెనీ కూడా కలిపి ఇచ్చే పద్ధతి, సంగీత కచేరీలు, వాలంటీర్ల వారాంతాలు దాని పెట్టుబడి. ప్రవాస తెలుగు సంఘాలు ఒకవైపు అక్కడ క్రికెట్, వాలీబాల్ పోటీలు పెట్టుకుంటాయి, మరోవైపు ఇక్కడ నేత్ర శిబిరాలకు సాయపడతాయి. నాకు వెలితిగా తోచేది ఒకటే. ఈ రెండూ రెండు వేర్వేరు కాగితాల మీద, వేర్వేరు తేదీల్లో ఉంటాయి. మ్యాచ్ గెలిచినవాడికి కప్పు, దాతకు శాలువా. బోస్టన్ వాళ్లలా రెండింటినీ ఒక్క ఆటలో కట్టిపడేస్తే, అమెరికా నుంచి డబ్బు రావడం ఆగిన ఏడు కూడా శిబిరం ఆగదు.

దీనికి పెదకాకాని మండలంలో సరుకు లేకపోలేదు. నంబూరు పక్కనే 1976లో వచ్చిన నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, అందులో వ్యాయామ విద్య కళాశాల ఉంది. విశ్వవిద్యాలయాల మధ్య పోటీల్లోనూ, పాఠశాల క్రీడల్లోనూ బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఉన్నాయి. మన పిల్లలకు ఆ ఆటలు ఎక్కువగా తెలిసేది సర్టిఫికెట్ రూపంలోనే అన్నది వేరే బాధ. క్రీడా కోటాకు పనికొస్తుందని చేరతారు, సీటు రాగానే గ్లవ్ అటక మీదికి పోతుంది. చదువు అయ్యాక ఆదివారం ఆడుకోవడానికి జట్టు, జట్టుకు లీగు ఉంటే ఆ గ్లవ్ కిందికి దిగుతుంది. క్లబ్బు అంటే అంతకు మించి ఏమీ కాదు.

మైదానమే అడ్డంకి అనేవాళ్లూ ఉన్నారు. బేస్‌బాల్‌లో ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు 90 అడుగులు, సాఫ్ట్‌బాల్‌లో 60. మన హైస్కూలు మైదానంలో మొదటిది ఇరుకు, రెండోది సులువుగా పడుతుంది. బంతి కాస్త పెద్దది, చేయి కింద నుంచి విసురుతారు, ఆడపిల్లలూ మగపిల్లలూ ఆడతారు. సాఫ్ట్‌బాల్‌తో మొదలుపెట్టడమే తెలివి. తేదీ మాత్రం చూసుకుని పెట్టుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలో కల్లాల నిండా మిరపకాయలు ఆరుతుంటాయి. ఆ ఎర్రటి పరుపు మీద పడ్డ బంతిని తేవడానికి వెళ్లిన ఫీల్డరు తుమ్ములు ఆపుకునేలోపు అవతలివాడు నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చేస్తాడు.