తెరపై డిజైన్‌కు అరుగుపై ఆటే పునాది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: ఇటుక ముక్కతో అరుగుపై అష్టాచెమ్మా గీసే పిల్లలకు అది డిజైన్ పాఠమని తెలియదు. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్లు. ప్రత్యర్థి చంపడానికి వీల్లేని గళ్లలో ఇంటూ గుర్తు. ఒక్క అక్షరమైనా లేకుండానే ఏ గడి క్షేమమో ఆడేవారికి బోధపడుతుంది. చోటును సమంగా పంచడం, మాట అక్కరలేని గుర్తు పెట్టడం.. గ్రాఫిక్ డిజైనర్ రోజూ కంప్యూటర్‌పై చేసే పనీ ఇదే.

బతుకమ్మ పేర్చేటప్పుడూ అంతే. తెల్లని గునుగు పూలను రంగునీటిలో ముంచి, తంగేడు వరుసల నడుమ అమర్చే బాలికకు ఏ రంగు పక్కన ఏది మెరుస్తుందో కంటితోనే తెలిసిపోతుంది. పుస్తకంలో చదివి నేర్చుకుంటే ఇంత గట్టిగా నాటుకోదు.

చిన్ననాటి ఆట పెద్దయ్యాక అక్కరకొచ్చిన ఉదంతాలు విదేశాల్లోనూ ఉన్నాయి. బాల్యంలో తల్లి ఇచ్చిన ఫ్రోబెల్ చెక్క దిమ్మెలే తన రూపకల్పనకు పునాది అని అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆత్మకథలో రాసుకున్నారు. భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చిన ఈమ్స్ దంపతులు 1958 నాటి నివేదికలో అత్యంత ఉత్తమ డిజైన్‌గా మెచ్చుకున్నది మన ఇంటి చెంబునే. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది.

అంత దూరం పోనక్కరలేదు. ఉమ్మడి నల్గొండ జిల్లా కదిరేనిగూడెంలో పుట్టిన లక్ష్మణ్ ఏలె చిత్రాల నిండా తెలంగాణ పల్లె మనుషులే. 2014లో తెలంగాణ రాజముద్రను రూపొందించిందీ ఆయనే. కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్.. ఓరుగల్లు, హైదరాబాద్ చరిత్రలు ఒకే వృత్తంలో ఇమిడాయి.

ఈ మూడు పట్టణాల్లో డిజైన్‌కు పని తక్కువేమీ కాదు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం బస్తాను దొంతరలో, చదువురాని కొనుగోలుదారు సైతం దూరం నుంచే గుర్తుపట్టాలి. కోదాడ వద్ద హైదరాబాద్-విజయవాడ రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. వంద మీటర్ల నుంచి కనిపించే హోటల్ బోర్డుకు దక్కే సమయం ఐదు సెకన్లలోపే! అందులో పది వరుసలు కుక్కితే చదివేదెవరు?

అయినా వీధుల్లోని ఫ్లెక్సీలు ఒకే అచ్చులో పోసినట్లుంటున్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ నమూనాలో పేరు, ఫొటో మార్చడంతోనే పని ముగుస్తోంది. ఒకప్పుడు దుకాణాల బోర్డులు చేత్తో రాసిన చిత్రకారుల్లో ఒక్కొక్కరి అక్షరానిది ఒక్కో ఒంపు. ఎవరు రాశారో ఊరివాళ్లు చూడగానే చెప్పేవారు. ఫ్లెక్సీ ముద్రణ వచ్చాక వారిలో అనేకులకు ఉపాధి పోయింది, ఆ ఒంపులూ పోయాయి. మిగిలిన పాత గోడరాతలనైనా డీటీపీ, ఫొటోషాప్ నేర్చుకుంటున్న యువత సున్నం పడకముందే ఫొటోలు తీసి భద్రపరచుకోవచ్చు. ఖర్చేమీ లేదు.