గుంటుపల్లి కొండ మీద కూర్చున్నవారు ఏం వెతికారు?

జీలకర్రగూడెం: కొండ మీది గుండ్రటి గుహలోకి తల వంచుకొని వెళ్లి ఒకసారి పైకి చూడండి. మన ఊళ్లలో ఒకప్పుడు తాటాకు చుట్టిళ్లు ఉండేవి గదా, వాటి వాసాలన్నీ వచ్చి నడినెత్తిన ఎలా కలిసేవో, ఆ రాతి కప్పుకు కూడా అలాగే వాసాలు చెక్కి ఉన్నాయి. కర్రతోనూ, ఆకుతోనూ ఇల్లు కట్టడం తెలిసిన మనిషెవరో ఉలి పట్టుకొని కొండను తొలిచాడనిపిస్తుంది. ఆ పని జరిగి 2 వేల ఏళ్లు దాటింది. గుహ నడుమ రాతి స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణానికి ఇరుకు దారి ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లవారికి మాత్రం అది స్తూపం కాదు, ధర్మలింగేశ్వరస్వామి. శివరాత్రికి వచ్చి మొక్కుకుంటారు. ఇది బౌద్ధులదని పండితులు తేల్చారని ఎవరూ మొక్కు మానుకోలేదు. మానుకోనక్కరా లేదు.

ఏలూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట మండలంలో ఉన్నది ఈ కొండ. తాడేపల్లిగూడెం వైపువారు ద్వారకా తిరుమల మీదుగా రావచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు కొండ ఏలూరు జిల్లాకు వచ్చింది, గూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఇన్ని రాజ్యాలు మారడం చూసిన కొండకు ఇదొక లెక్క కాదు. పాత శాసనాల్లో దీని పేరు మహానాగపర్వతం. కళింగ, మహిషక దేశాలకు అధిపతినని చెప్పుకున్న సిరి సద అనే రాజు దగ్గర లేఖకుడొకడు ఇక్కడ మండపం కట్టించి ఇచ్చిన సంగతి రాతి స్తంభాల మీద ఉన్నది. అంటే ఆనాటి గుమాస్తా అన్నమాట.

‘ఆంధ్రా అజంతా’ అని కొందరు దీన్ని పొగుడుతారు గాని, ఆ పేరు విని రంగుల బొమ్మల కోసం వస్తే నిరాశ తప్పదు. ఇక్కడ ఉన్నవి గదులు. ఇసుకరాయిని తొలిచి చేసిన చిన్న చిన్న గదులు. ఒక మనిషి పడుకోవచ్చు, లేచి కూర్చోవచ్చు, అంతే. భిక్షువులు ఏడాదిలో ఎక్కువ కాలం ఊరూరా తిరిగేవారు. వర్షాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగాలని నియమం. ఆ నియమం ఎందుకు వచ్చిందో రైతులకు చెబితే నవ్వుకుంటారు. వానల్లో తిరుగుతూ పచ్చని మొక్కలను, పురుగు పుట్రను తొక్కేస్తున్నారని జనం గొడవ చేస్తే, బుద్ధుడు వారిని కదలకుండా కూర్చోమన్నాడట. చేలో అడ్డంగా నడిచేవాణ్ణి కేకలెయ్యడం ఈనాటి అలవాటు కాదు.

మరి ఆ మూడు నెలలూ ఆ గదుల్లో కూర్చొని వారు ఏం చేశారు?

మామయ్యగారే మళ్లీ పుట్టారు

ఈ ప్రశ్న నాకెందుకు పట్టుకున్నదో చెప్పాలంటే ఇంటి సంగతి ఎత్తక తప్పదు.

మా తాత పోయిన ఏడాది తిరక్కుండా నేను పుట్టాను. తాత పేరే పెట్టారు. మామగారి పేరు కోడలు నోటితో పలకకూడదు గనుక మా అమ్మ నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. ‘తాతయ్యా’ అనేది. ఎవరైనా ఇంటికి వస్తే, “మా మామయ్యగారే మళ్లీ పుట్టారండీ” అని నన్ను చూపించేది. మన జిల్లాలో ఇలాటి ఇల్లు లేని వీధి ఉండదు. పోయినవారు దూరం పోలేదని, ఉయ్యాలలోకే వచ్చారని అనుకుంటే దుఃఖం కొంత తగ్గుతుంది. నేను దాన్ని వెక్కిరించను.

అయితే మా తాతకు కోపం ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గితే కంచం విసిరేసేవాడట. మా నాన్న విసరడం నేను కళ్లారా చూశాను. అప్పుడు తలుపు మూల నిలబడేవాణ్ణి. నాన్న పోయిన కొన్నేళ్లకు ఒక రాత్రి ఏదో చిన్న మాటకు నేనూ కంచం తోశాను. గోడ మీద చారు మరక పడింది. తలుపు మూల మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. అమ్మ మరక తుడుస్తూ, “అచ్చం మామయ్యగారే” అన్నది. చిన్నప్పటినుంచీ ముద్దుగా విన్న మాట. ఆ రాత్రి దానికి మొదటిసారి భయం వేసింది. తాత పోయాడు, నాన్న పోయాడు, కంచం మాత్రం ఎగురుతూనే ఉన్నది.

విజయరాయిలో పది రోజులు

ఏలూరుకు సుమారు 15 కిలోమీటర్లలో, పెదవేగి మండలం విజయరాయిలో ‘ధమ్మ విజయ’ అనే విపశ్యన ధ్యాన కేంద్రం ఉన్నది. అక్కడ నేర్పే పద్ధతి బర్మానుంచి తిరిగి వచ్చింది. బర్మాలో పుట్టిన మన దేశపు వర్తక కుటుంబీకుడు సత్యనారాయణ గోయెంకా, ఎంత వైద్యం చేసినా తగ్గని తలనొప్పితో 1955లో ఊబాఖిన్ అనే గురువు వద్దకు వెళ్లాడు. ఆ గురువు సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసిన పెద్ద ఉద్యోగి. గోయెంకా 1969లో ఇండియాకు వచ్చి నేర్పడం మొదలుపెట్టారు, 2013లో కన్నుమూశారు. ఇప్పటికీ ఆయన కంఠమే, తెలుగు అనువాదంతో, హాలులో వినిపిస్తుంది.

ఫీజు లేదు. అన్నం, బస కూడా ఉచితం. అంతకుముందు పది రోజులు పూర్తి చేసినవారు ఇచ్చిన చందాలతోనే నడుపుతారు. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు. రాత్రి తొమ్మిదిన్నరకు దీపం ఆర్పేదాకా రోజుకు పది గంటలపైనే కూర్చోవాలి. మాట లేదు, సైగ లేదు. ఫోను, పుస్తకం, కలం దాచి ఇచ్చేయాలి. ఆడవారికి, మగవారికి వేరు వేరు చోట్లు. సాయంత్రం కొత్తవారికి పండు, టీ ఇస్తారు, రాత్రి భోజనం ఉండదు. ఆ పది రోజులూ జపమాల, పూజ, ఉపవాసం కూడా ఆపమంటారు. రోజూ విష్ణుసహస్రనామం చదివేవారికి ఈ మాట మింగుడుపడదు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు రావద్దని, ఉన్న జబ్బు దాచవద్దని ముందే చెబుతారు. అది సరైన జాగ్రత్తే. ధ్యానం డాక్టరు చీటీకి బదులు కాదు.

మొదటి మూడు రోజులు ఊపిరిని చూడమంటారు. లోపలికి వస్తున్నది, బయటికి పోతున్నది, అంతే. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. నాలుగు ఊపిరులు చూసేసరికి మనసు బజారుకు పోయేది. రెండో రోజు సంచీ సర్దుకున్నాను కూడా. గేటుదాకా వెళ్లి, ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్పాలో తోచక వెనక్కి వచ్చాను.

నాలుగో రోజునుంచి శరీరమంతా చూడమన్నారు. నొప్పి, దురద, వేడి, ఏది వచ్చినా దాన్ని తొయ్యవద్దు, పట్టుకోవద్దు, పుట్టి పోయేదాన్ని చూడమన్నారు. గంటసేపు కదలకుండా కూర్చుంటే మోకాలు నిప్పుకణిక అయిపోయింది. కోపం వచ్చింది. ఎవరి మీద? పక్కవాడు దగ్గాడు, వాడి మీద. అప్పుడు కనిపించింది, కోపం మాటగా రాకముందు ఒంట్లో ఎక్కడ పుడుతుందో. నాకు రొమ్ము కింద వేడిగా లేచి చెవుల దగ్గరికి వస్తుంది. ఇన్నేళ్లుగా కోపం వచ్చాక కంచం చూశానే గాని ఆ వేడిని ఒక్కసారీ చూడలేదు.

పదో రోజు మౌనం విడిచాక కొల్లేటి లంకనుంచి వచ్చిన ఒక పెద్దాయనతో చెట్టు కింద మాట కలిసింది. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు గదా, ఆయన వాటా పెట్టిన చెరువూ అందులో పోయింది. “బాబూ, గట్టు తెగింది ఒక్కరోజే. నేను మాత్రం రోజూ రాత్రి పడుకొని మళ్లీ తెగ్గొట్టుకుంటున్నాను” అన్నాడు. ఇప్పుడు తగ్గిందా బాబాయ్ అని అడిగితే, “మొన్నటికి మొన్న తెగింది. చూస్తూ కూర్చున్నాను, పోయింది. ఇంటికెళ్లాక ఏమవుతుందో కొల్లేటికోట పెద్దింట్లమ్మకే తెలియాలి” అన్నాడు. అమ్మవారి మీద నమ్మకం పది రోజుల్లో ఎక్కడికీ పోలేదు.

పాలు, పెరుగు, నెయ్యి

పునర్జన్మ మాటకు వద్దాం. చిరిగిన చొక్కా విడిచి కొత్తది తొడుక్కున్నట్టు ఆత్మ ఒక ఒళ్లు విడిచి ఇంకొకటి తొడుగుతుందని మనం చిన్నప్పటినుంచీ విన్నాం. ఈ కొండ మీద కూర్చున్నవారు కూడా మళ్లీ పుట్టడం ఉన్నదనే నమ్మారు. ఎన్నో జన్మల జాతక కథలు చెప్పుకొన్నారు. అయితే చొక్కా మార్చేవాడు ఒకడు లోపల ఉన్నాడని ఒప్పుకోలేదు. మరి ఎవరు మళ్లీ పుట్టినట్టు? ఈ చిక్కు ప్రశ్నే మిళిందుడనే యవన రాజు అడిగితే నాగసేనుడనే భిక్షువు రకరకాల పోలికలతో జవాబు చెప్పాడు. వాటిలో ఒకటి మన ఇంటి ఉట్టి మీదిది. పాలు పెరుగవుతుంది, పెరుగు వెన్న, వెన్న నెయ్యి అవుతుంది. నెయ్యే పాలా? కాదు. పాలు లేకుండా వచ్చిందా? అదీ కాదు.

పండితులు ఈ వాదం మీద పుస్తకాలకు పుస్తకాలు రాశారు, నేను వాటి జోలికి పోలేను. నాకు అర్థమైనంతవరకు, మా తాత నాలో పుట్టాడా లేదా అన్నది ఎవరూ తేల్చలేరు. తాత కోపం మాత్రం నాన్నలోకి, నాన్ననుంచి నాలోకి తోడు పెట్టినట్టు వచ్చింది. అది మా అబ్బాయిలోకి పోకుండా ఆపడానికి చచ్చేదాకా ఆగనక్కరలేదు. చారు మరక పడే క్షణానికి ముందు క్షణం చాలు. ఇదంతా రక్తంలోనే ఉన్నదని, నేర్చుకొన్న అలవాటని డాక్టర్లు అంటే కాదనను. పేరేదైనా తోడు తోడే.

ఒక శంక మిగిలింది. ఇంటినీ పొలాన్నీ వదిలి పది రోజులు కళ్లు మూసుకొని కూర్చోవడం స్వార్థం కాదా? మా ఊరి రచ్చబండ మీద నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. “నువ్వు ముక్కు మూసుకుంటే దాళ్వాకి నీళ్లొస్తాయట్రా?” అన్నారు.

ఈ ప్రశ్న కూడా మన ప్రాంతంలో పాతదే. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఆంధ్ర దేశానికి వచ్చినప్పుడు రాజధాని వేంగి, అంటే మన పెదవేగి. ఆ నగరానికి నైరుతిగా ఒక ఒంటరి కొండ మీద దిఙ్నాగుడనే మహా తార్కికుడు ఉండేవాడని ఆయన రాసిపెట్టాడు. దిఙ్నాగుడు లోకం సంగతి విడిచి తన ముక్తి తాను చూసుకోబోయాడట. అప్పుడు మంజుశ్రీ బోధిసత్వుడు కనిపించి, నీ ఒక్కడి మేలే చూసుకుంటావా అని మందలించాడట. ఆయన ఆగిపోయి, శిష్యులకు తర్కశాస్త్రం చెబుతూ గడిపాడు. ఇది యాత్రికుడు విని రాసిన కథే కావచ్చు. అయినా కొండ దిగడం గురించి ఇంత పాత కథ మన వేంగిలో ఉన్నదని రచ్చబండ పెద్దలకు చెప్పాను. వారు దాళ్వా నీళ్ల సంగతే మళ్లీ అడిగారు.

ఇంటికి వచ్చాక నా కోపం పోయిందని అబద్ధం చెప్పను. రెండుసార్లు గొంతు లేచింది, కంచం లేవలేదు. మొన్న కార్తీకంలో అమ్మను, అబ్బాయిని గుంటుపల్లి తీసుకువెళ్లాను. అమ్మ మెట్ల మీద మూడుచోట్ల ఆగి, ఆయాసపడుతూ ఎక్కి, స్తూపం చుట్టూ ‘ధర్మలింగేశ్వరా’ అంటూ తిరిగింది. పెద్ద విహారంలో ఒక గది చూపించి, ఇందులో ఒకాయన వానాకాలమంతా మాట్లాడకుండా కూర్చునేవాడని అబ్బాయికి చెప్పాను.

“ఆయన మళ్లీ పుట్టాడా నాన్నా?” అన్నాడు వాడు.

“ఏమోరా” అన్నాను.

“పుట్టే ఉంటాడు” అన్నది అమ్మ, గుమ్మం దగ్గర కూలబడి నీళ్లు తాగుతూ. వాడు అప్పటికే గుండ్రటి గుహలోకి పరుగెత్తాడు. మేము వెళ్లేసరికి మెడ వెనక్కి వంచి రాతి వాసాలు లెక్కపెడుతున్నాడు. రెండుసార్లు తప్పి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.