బాయిలర్‌కు ప్లాస్టిక్ పొగ గొట్టం: ఏ పైపు వాడాలి? పర్మిట్ ఎందుకు వదులుకోకూడదు?

అమెరికాలోనో కెనడాలోనో చలి బాగా ఉండే ఊళ్లో మీరు ఇల్లు కొన్నారనుకోండి. బేస్‌మెంట్‌లోని పాత గ్యాస్ బాయిలర్ తీయించి కొత్తది పెట్టించాలి. చూడటానికి వచ్చిన కాంట్రాక్టర్ ఇక చిమ్నీతో పని లేదని, తెల్ల ప్లాస్టిక్ పైపును గోడలోంచి బయటికి తీస్తే చాలని చెబుతాడు. మన దగ్గర బోరు నీళ్లకు వేసే పీవీసీ పైపులాగే ఉంటుంది కాబట్టి పెద్దగా అనుమానం రాదు. కానీ అందులో వెళ్లేది నీళ్లు కాదు, గ్యాస్ కాలిన పొగ. నీళ్ల పైపు జాయింట్ వదిలితే కారుతూ కనిపిస్తుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాళ్లు లేవకుండానే ప్రాణాలు పోవచ్చు.

ప్లాస్టిక్ ఆ వేడిని ఎలా తట్టుకుంటుంది?

అన్ని బాయిలర్ల వేడినీ తట్టుకోదు. పాత రకం బాయిలర్ల పొగ 150 డిగ్రీల సెల్సియస్ కూడా దాటుతుంది. వాటికి ప్లాస్టిక్ మాటే ఎత్తకూడదు. కొత్తగా వస్తున్న 'కండెన్సింగ్' బాయిలర్లు పొగలోని వేడిని కూడా లాగేసుకుని నీళ్లు కాచడానికి వాడతాయి. పొగ బాగా చల్లబడి, అందులోని ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. ప్లాస్టిక్ గొట్టం పనికొచ్చేది వీటికే.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రేడియేటర్లలో తిరిగి బాయిలర్‌కు వెనక్కి వచ్చే నీరు ఎంత వేడిగా ఉంటే, బయటికి పోయే పొగ దానికంటే ఇంకాస్త వేడిగా ఉంటుంది. నేల కింద గొట్టాలతో ఇల్లు వెచ్చబెట్టే పద్ధతిలో ఆ నీరు గోరువెచ్చగానే ఉంటుంది. పాత ఇళ్లలో గోడ అంచున ఉండే బేస్‌బోర్డ్ రేడియేటర్లకు మాత్రం దాదాపు 80 డిగ్రీల నీరు పంపుతారు. అది వెనక్కి వచ్చేసరికి కూడా 60 దాటే ఉంటుంది. పీవీసీ తట్టుకునే హద్దు ఆ 60 డిగ్రీలే. సీపీవీసీ 90 వరకు, పాలీప్రొపిలీన్ 110 వరకు ఆగుతాయి. అందుకే 'పక్కింట్లో పదేళ్లుగా పీవీసీనే ఉంది, ఏమీ కాలేదు' అన్న మాట పట్టుకోవద్దు. వాళ్లది వేడి గాలి ఊదే ఫర్నేస్ అయి ఉండొచ్చు, దాని లెక్క వేరు.

ఈ పొరపాటు ఎంత దూరం వెళ్తుందో అమెరికా 1998లోనే చూసింది. ఎక్కువ వేడిని తట్టుకుంటుందని అమ్మిన ఒక రకం ప్లాస్టిక్ గొట్టాలు చిట్లిపోతున్నాయని, జాయింట్ల దగ్గర ఊడుతున్నాయని తేలింది. వినియోగదారుల భద్రతా కమిషన్, తయారీదారులు కలిసి సుమారు 2,50,000 ఇళ్లలోని గొట్టాలను మార్చే కార్యక్రమం ప్రకటించాయి. అవి బూడిద రంగులోనో నల్లగానో ఉండేవి, పైన ప్లెక్స్‌వెంట్ లేదా అల్ట్రావెంట్ అన్న పేరు ఉండేది. పాత ఇల్లు కొంటుంటే బేస్‌మెంట్‌లో ఓసారి ఆ పేర్ల కోసం చూడండి.

ఏ పైపు అడగాలి?

కెనడాలో గందరగోళం తక్కువ. పొగ గొట్టం మీద 'యూఎల్‌సీ ఎస్636' అన్న ముద్ర ఉండాల్సిందే. పైపు, ఎల్బోలు, అతికించే సొల్యూషన్ అన్నీ ఒకే కంపెనీ సెట్‌లోవి కావాలి. అమెరికాలో బాయిలర్ తయారీదారు మాన్యువల్‌లో రాసిందే ప్రమాణం. అందులో మామూలు పీవీసీకి అనుమతి ఉంటే వాడొచ్చు, లేకపోతే లేదు. రెండు దేశాల్లోనూ ఎప్పుడూ ఒప్పుకోకూడనిది ఫోమ్‌కోర్ పైపు. పైకి మామూలు పీవీసీలాగే ఉంటుంది. కోసి చూస్తే గోడ మధ్యలో స్పాంజిలాంటి పొర కనిపిస్తుంది. అది డ్రైనేజీ కోసం చేసింది. మా సలహా అడిగితే, బేస్‌బోర్డ్ రేడియేటర్లున్న ఇంటికి మాన్యువల్ ఒప్పుకునే చోట పాలీప్రొపిలీన్ గొట్టానికే డబ్బు పెట్టండి.

బిగించేటప్పుడు మీరు చూడాల్సినవి

పని మీరు చేయరు, లైసెన్సు ఉన్న గ్యాస్ టెక్నీషియనే చేయాలి. అయినా పక్కన నిలబడి చూడటం మీ హక్కు. అడ్డంగా వెళ్లే పైపు బాయిలర్ వైపుకు వాలి ఉండాలి. సాధారణంగా అడుగుకు పావు అంగుళం, అంటే మీటరుకు సుమారు 2 సెంటీమీటర్లు. పొగలోంచి దిగే నీరు పులుపెక్కిన, ఆమ్ల గుణమున్న నీరు. అది వెనక్కి జారి, సున్నపురాయి ముక్కలున్న చిన్న డబ్బాలోంచి డ్రెయిన్‌లోకి పోవాలి. క్లాంపులు దూరం దూరంగా వేస్తే పైపు మధ్యలో కుంగి, అక్కడ నీరు నిలిచి పొగకు దారి మూసుకుపోతుంది. పీవీసీకి కోసిన అంచు నునుపు చేసి, ముందు ప్రైమర్, తర్వాత సొల్యూషన్ రాయాలి. అది ఆరకముందే బాయిలర్ వెలిగిస్తానంటే ఆపండి. పాలీప్రొపిలీన్‌కు సొల్యూషన్ అంటదు, రబ్బరు రింగులతో, లాక్ క్లాంపులతోనే బిగించాలి. వేడికి పైపు సాగుతుంది కాబట్టి గోడ రంధ్రంలో కదలకుండా సిమెంటు కూరకూడదు.

బయట గొట్టం చివర ఆ ప్రాంతంలో పేరుకునే మంచు మట్టానికి కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి. కిటికీలు, తలుపుల నుంచి ఎంత దూరమన్నది మాన్యువల్, స్థానిక కోడ్ చెబుతాయి. డెక్ కిందకు వదిలేయడం మాత్రం కుదరదు. పెద్ద మంచు పడిన ప్రతిసారీ పార తీసుకుని ముందు అక్కడికే వెళ్లండి.

పర్మిట్ తీసుకోకపోతే ఏమవుతుంది?

'పర్మిట్ వద్దంటే కొంత తగ్గిస్తా' అనే కాంట్రాక్టర్లు ఉంటారు. అమెరికాలో చాలా పట్టణాల్లో బాయిలర్ మార్చడానికి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ కావాలి. ఆ ఫీజుతో మీకు దొరికేది పని చేసినవాడితో సంబంధం లేని ఇంకో మనిషి కన్ను. వాలు, పైపు రకం, బయటి దూరాలు ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెడతాడు. అంటారియోలో అయితే గ్యాస్ పని చేసే కంపెనీకి టీఎస్‌ఎస్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆ నంబరు అడగండి.

అదే అంటారియోలో 2008లో వుడ్‌స్టాక్ పట్టణంలో గ్యాస్ ఫైర్‌ప్లేస్ పొగ పోయే దారి మూసుకుపోయి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. ఆ కుటుంబం పేరుతో వచ్చిన చట్టం వల్లే 2014 నుంచి అక్కడ గ్యాస్ ఉపకరణాలున్న ఇళ్లలో పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరైంది. మీ దగ్గర చట్టం ఎలా ఉన్నా ప్రతి అంతస్తులో ఒకటి పెట్టండి.

చలికాలంలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఈ సంగతి వాళ్లకు విడమరిచి చెప్పండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరగడం, వాంతులు మొదలై, బయటికి వస్తే తగ్గుతుంటే అది జలుబో ప్రయాణ బడలికో కాకపోవచ్చు. అలారం మోగినా అంతే. స్వెట్టర్ల కోసం, ఫోన్ చార్జర్ కోసం ఆగకుండా అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయాలి. అగ్నిమాపక సిబ్బంది మీటరుతో కొలిచి సరేననే దాకా లోపలికి వెళ్లకూడదు.